దోస్తోయెవ్‌స్కీ తొలి రచనా జీవితం (1844–1849): పేదరికం – పరుల చూపు

ఉపోద్ఘాతం

ఫ్యోదర్ మిహైలొవిచ్ దోస్తోయెవ్‌స్కీ (1821–1881) పేరు వినగానే సాహిత్య విద్యార్థికి స్ఫురించేవి ‘నేరము–శిక్ష’, ‘ఇడియట్’, ‘కరమజోవ్ సోదరులు’ వంటి నవలలు. ఇవన్నీ ఆయన సైబీరియాలో శిక్ష అనుభవించి వచ్చిన తరువాత వెలువడినవి. అందువల్ల ఆయన రచనా జీవితాన్ని రెండుగా విడదీసి, 1849కి ముందున్న రచనలను అభ్యాస దశకు, తరువాతి వాటిని పరిణత దశకు చేర్చడం పరిపాటి అయింది. మృత్యుముఖం దాకా వెళ్లి తిరిగివచ్చిన అనుభవమే ఆ రచయితను తీర్చిదిద్దిందనే అభిప్రాయం ఈ విభజనకు మూలం.

ఈ అభిప్రాయంలో సత్యం లేకపోలేదు. కారాగార జీవితం లేనిదే తరువాతి నవలల్లోని నేర చింతన గాని, మత చింతన గాని ఆ రూపంలో ఉండేవి కావు. అయితే ఆ నవలలకు ప్రాణమైన ఒక ప్రశ్న అంతకు ముందే ఆయన చేతికి చిక్కింది. పేదవాడికి ఏమేమి లేవన్నది ఆ ప్రశ్న కాదు. ఇతరుల కళ్లలో పేదవాడు తనను తాను ఎలా చూసుకుంటాడన్నది ఆ ప్రశ్న. ఆయన తొలి కీర్తికి, ఆ కీర్తి ఏడాది తిరక్కుండానే కూలిపోవడానికి ఈ ఒక్క ప్రశ్నే కారణమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందులోని రష్యా తేదీలు ఆనాటి పాత పంచాంగాన్ని అనుసరించినవి.

బాల్యం – కుటుంబ హోదా

దోస్తోయెవ్‌స్కీ 1821 అక్టోబరు 30న మాస్కోలోని మరియిన్‌స్కీ పేదల ఆసుపత్రి ఆవరణలో జన్మించాడు. తండ్రి మిహైల్ అంద్రేయెవిచ్ ఆ ఆసుపత్రి వైద్యుడు. ఆయన మతాచార్యుని కుమారుడు. కుటుంబ వృత్తిని వదులుకొని మాస్కో వచ్చి, వైద్యం చదివి సర్కారు కొలువులో చేరాడు. తల్లి మరియా ఫ్యోదరొవ్న వర్తక కుటుంబానికి చెందినది. ఆసుపత్రి తోటలో తిరిగే రోగులతో మాట్లాడవద్దని పిల్లలకు ఆంక్ష ఉండేదని, ఫ్యోదర్ మాత్రం దాన్ని లెక్కచేయకుండా వారిని పలకరించేవాడని తమ్ముడు అంద్రేయ్ తన జ్ఞాపకాల్లో రాశాడు.

ఈ కుటుంబ చరిత్రలో ఈ వ్యాసానికి ముఖ్యమైన అంశం ఒకటుంది. పీటర్ చక్రవర్తి 1722లో ప్రవేశపెట్టిన హోదాల పట్టిక ప్రకారం రష్యాలో సర్కారు ఉద్యోగులకు 14 శ్రేణులు ఉండేవి. వాటిలో ఎనిమిదో శ్రేణిని అందుకున్న ఉద్యోగికి వంశపారంపర్య కులీన హోదా లభించేది. దోస్తోయెవ్‌స్కీ తండ్రి ఈ శ్రేణికి చేరిన తరువాత 1828లో ఆయన పేరు, ఆయన కుమారుల పేర్లు మాస్కో కులీనుల పట్టికలోకి ఎక్కాయి. 1831లో తూలా ప్రాంతంలోని దరొవొయె గ్రామాన్ని, అందులోని సెర్ఫులతో సహా ఆయన కొన్నాడు. కాబట్టి దోస్తోయెవ్‌స్కీ పుట్టు కులీనుడు కాడు. ఆ హోదా తండ్రి ఉద్యోగంతో వచ్చింది. చూసేవారి కళ్లలో దాన్ని ప్రతిరోజూ నిలబెట్టుకోవలసి వచ్చింది. టాల్‌స్టాయ్, తుర్గెనేవ్ వంటి సమకాలికులకు ఈ అవస్థ తెలియదు.

సైనిక విద్యాలయం – టీ, బూట్లు, పెట్టె

1837 ఫిబ్రవరిలో తల్లి క్షయవ్యాధితో మరణించింది. అంతకు కొద్ది వారాల ముందే పూష్కిన్ ద్వంద్వయుద్ధంలో గాయపడి కన్నుమూశాడు. ఆ ఏడాదే తండ్రి ఇద్దరు పెద్ద కొడుకులను సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకువెళ్లాడు. అన్న మిహైల్‌ను ఆరోగ్యం సరిలేదని సైనిక ఇంజనీరింగ్ విద్యాలయం చేర్చుకోలేదు. ఫ్యోదర్ 1838 జనవరిలో చేరాడు. బాల్యం నుంచి ఒకే పుస్తకం పంచుకొని చదివిన అన్నదమ్ములు విడిపోయారు. వారి మధ్య నడిచిన ఉత్తరాలే ఈ దశకు సంబంధించి పరిశోధకులకు మిగిలిన ప్రధాన ఆధారాలు. మనిషి ఒక రహస్యమని, దాన్ని ఛేదించడానికి జీవితమంతా వెచ్చించినా వృథా కాదని పద్దెనిమిదేళ్లయినా నిండని ఫ్యోదర్ 1839 ఆగస్టులో అన్నకు రాశాడు.

అంతకు మూడు నెలల ముందు తండ్రికి రాసిన ఉత్తరం దీనికి పూర్తిగా భిన్నమైనది. అందులో రహస్యాలు లేవు, డబ్బు లెక్కలున్నాయి. వేసవి శిక్షణ శిబిరంలో సొంతంగా టీ తాగడానికి, అదనపు బూట్లకు, వస్తువులు పెట్టుకొనే పెట్టెకు డబ్బు కావాలని ఆయన అడిగాడు. అదే శిబిరంలో ఉన్న పి. పి. సెమ్యోనొవ్, తరువాతి కాలంలో సుప్రసిద్ధ భూగోళ శాస్త్రవేత్త, ఈ విషయాన్ని తన జ్ఞాపకాల్లో ప్రస్తావించాడు. సొంత టీ గాని, సొంత బూట్లు గాని, పెట్టె గాని లేకుండానే తాను ఆ శిబిరం గడిపానని, దోస్తోయెవ్‌స్కీకి కావలసింది అవసరం తీరడం కాదని, తోటివారి ముందు తక్కువ కాకుండా ఉండడమని ఆయన అభిప్రాయం.

ఈ సాక్ష్యాన్ని దోస్తోయెవ్‌స్కీ డాబుసరితనానికి నిదర్శనంగా చూపి ఊరుకుంటే దాని విలువ తెలియదు. ఆరేళ్ల తరువాత ‘పేదజనం’ నవలలో మకార్ దేవుష్కిన్ అనే వృద్ధ గుమస్తా తన తొలి ఉత్తరాల్లోనే టీ ప్రస్తావన తెస్తాడు. తాను టీ తాగేది ఇతరుల కోసమని, తాగకపోతే సిగ్గుగా ఉంటుందని అతడు వివరిస్తాడు. బూట్ల విషయంలోనూ అదే మాట: అవి పాదాల కోసం కాదు, పరువు కోసం. శిబిరంలోని విద్యార్థి తండ్రి దగ్గర ఒప్పుకోలేని నిజాన్ని రచయిత అయిన తరువాత తన పాత్ర చేత పలికించాడు.

ఆ ఉత్తరం రాసిన కొన్ని వారాలకే, 1839 జూన్‌లో, తండ్రి తన గ్రామ సమీపంలో మరణించాడు. అధికార పత్రాలు పక్షవాతమన్నాయి. సెర్ఫులే చంపారన్న వదంతి కుటుంబంలో నిలిచిపోయింది. జీవిత చరిత్రకారుల మధ్య ఈ వివాదం నేటికీ తెగలేదు.

అనువాదం నుంచి నవలకు

1843లో చదువు ముగించిన దోస్తోయెవ్‌స్కీ పీటర్స్‌బర్గ్‌లోనే సైనిక ఇంజనీరింగ్ విభాగంలో నక్షాలు గీసే పనిలో చేరాడు. ఆ ఏడాది బాల్జాక్ ఆ నగరానికి రావడంతో పాఠకుల్లో ఆయన రచనలపై ఆసక్తి పెరిగింది. దోస్తోయెవ్‌స్కీ బాల్జాక్ నవల ‘యూజెనీ గ్రాందే’ను రష్యన్‌లోకి అనువదించాడు. 1844లో ఒక పత్రికలో వెలువడిన ఈ అనువాదమే ఆయన తొలి ముద్రిత రచన. డబ్బు మనుషుల మధ్య సంబంధాలను ఎలా శాసిస్తుందో చూపిన నవలతో ఆయన సాహిత్య ప్రవేశం జరగడం గమనార్హం.

1844 అక్టోబరులో ఆయన ఉద్యోగం వదిలేశాడు. తండ్రి ఆస్తిలో తన వాటాను 1000 రూబుళ్లకు వదులుకొని, కలం మీదే బతకాలని నిశ్చయించుకున్నాడు. తండ్రి కొలువు చేసి తెచ్చిపెట్టిన భూమిని, కొలువును కొడుకు ఒకేసారి విడిచిపెట్టాడు.

‘పేదజనం’ – పాత్రే పాఠకుడైన వేళ

1845 మే నాటికి ‘పేదజనం’ పూర్తయింది. రచయిత దాన్ని తనతో ఒకే ఇంట్లో ఉంటున్న గ్రిగొరొవిచ్‌కు చదివి వినిపించాడు. గ్రిగొరొవిచ్ రాతప్రతిని కవి నెక్రాసవ్ దగ్గరకు తీసుకుపోయాడు. ఇద్దరూ రాత్రంతా చదివి, తెల్లవారుజామున నాలుగు గంటలకు వచ్చి రచయితను కౌగిలించుకున్నారు. కొత్త గొగోల్ పుట్టాడన్న వార్తతో నెక్రాసవ్ ప్రతిని విమర్శకుడు బెలిన్‌స్కీకి అందించాడు. మొదట అనుమానించిన బెలిన్‌స్కీ చదివిన తరువాత యువ రచయితను పిలిపించుకొని మనసారా మెచ్చుకున్నాడు. తన జీవితంలో అంతటి ఆనంద క్షణం మరొకటి లేదని ముప్ఫై ఏళ్ల తరువాత 1877లో దోస్తోయెవ్‌స్కీ ‘రచయిత దినచర్య’లో స్మరించుకున్నాడు. నవల 1846 జనవరిలో నెక్రాసవ్ సంపాదకత్వంలోని ‘పీటర్స్‌బర్గ్ సంకలనం’లో వెలువడింది.

బెలిన్‌స్కీ దృష్టిలో ఇది సామాజిక నవల. గొగోల్ బాటలో సాగుతున్న సహజ రచనా సంప్రదాయానికి, అంటే అట్టడుగు నగర జీవితాన్ని ఉన్నదున్నట్టు చిత్రించే ధోరణికి, అది విజయం. అయితే నవలలో గొగోల్‌తో దోస్తోయెవ్‌స్కీకి ఉన్న సంబంధం వారసత్వం కన్నా వాదమనడం సమంజసం. ఈ నవల దేవుష్కిన్‌కు, వర్వార అనే అనాథ యువతికి మధ్య నడిచిన ఉత్తరాల రూపంలో ఉంటుంది. ఉత్తరాల క్రమంలో దేవుష్కిన్ రెండు కథలు చదువుతాడు. పూష్కిన్ ‘పోస్టుమాస్టరు’ అతణ్ణి కదిలిస్తుంది; ఆ కథ తానే రాసినట్టు అనిపిస్తుంది. గొగోల్ ‘ఓవర్‌కోటు’ చదివి మాత్రం మండిపడతాడు. ఎవరో తన ఇంట్లోకి తొంగిచూసి, తన చిరుగులను, తిండిని, బూట్లను వీధిలో పరిచారని అతని ఫిర్యాదు. ఆ కథలోని గుమస్తా అకాకీ పట్ల గొగోల్ పాఠకునికి జాలి కలిగించాడు. ఆ జాలికి గురి అయిన మనిషి ఆ కథను చదివితే ఏమవుతాడన్న ప్రశ్న దోస్తోయెవ్‌స్కీ వేశాడు.

రష్యన్ రచయితలందరూ గొగోల్ ‘ఓవర్‌కోటు’ నుంచే వచ్చారన్న భావం దోస్తోయెవ్‌స్కీ మాటగా ప్రపంచమంతటా ప్రచారంలో ఉంది. ఆయన రచనల్లో గాని, ఉత్తరాల్లో గాని ఆ మాట కనిపించదు. దానికి ప్రచారం తెచ్చినది 1886లో వచ్చిన ఫ్రెంచి విమర్శకుడు వొగ్యుయె గ్రంథం. ఆయన సైతం దాన్ని ఒక రష్యన్ రచయిత మాటగానే పేర్కొన్నాడు. ‘పేదజనం’ను జాగ్రత్తగా చదివినవారికి ఆ మాట దోస్తోయెవ్‌స్కీకి అంతగా అతకదని తెలుస్తుంది. ఆయన కథానాయకుడు ఆ కోటు తొడుక్కోవడానికి నిరాకరించినవాడు.

నవలకు పతాక సన్నివేశం గుండీ ఊడిపడే ఘట్టం. నకలు రాయడంలో పొరపాటు చేసినందుకు దేవుష్కిన్‌ను పై అధికారి పిలిపిస్తాడు. గదిలో పక్కనున్న అద్దంలో తన రూపం చూసుకొని అతడు బిత్తరపోతాడు. అదే క్షణాన దారానికి వేలాడుతున్న గుండీ తెగి, దొర్లుకుంటూ అధికారి కాళ్ల దగ్గరకు పోతుంది. అతడు దాని వెంటపడతాడు. అధికారి జాలిపడి 100 రూబుళ్లు ఇస్తాడు. ఆ నూరు రూబుళ్ల కన్నా అధికారి తన చేయి అందుకొని కరచాలనం చేయడం తనకు విలువైనదని దేవుష్కిన్ రాస్తాడు. బెలిన్‌స్కీ ఈ ఘట్టంలో పేదవాని దుస్థితిని చూశాడు. రచయిత చూపించినది మరొకటి కూడా ఉంది: పేదవాడు మొదట అద్దంలో, తరువాత అధికారి కళ్లలో తనను తాను చూసుకోవడం.

‘ప్రతిరూపం’ – మూసుకుపోయిన తలుపు

‘పేదజనం’ వెలువడిన కొద్ది రోజులకే, 1846 ఫిబ్రవరిలో, ‘ఒతేచెస్త్వెన్నియె జపీస్కి’ పత్రికలో రెండో రచన ‘ప్రతిరూపం’ వచ్చింది. కథానాయకుడు గొల్యాద్కిన్ తొమ్మిదో శ్రేణి ఉద్యోగి. నిద్ర లేవగానే అతడు చేసే పని అద్దం దగ్గరకు పరుగెత్తడం. దేవుష్కిన్ కథలో ఒక ఘట్టానికి పరిమితమైన అద్దం ఇక్కడ కథకే ప్రారంభమైంది. పిలవని విందుకు వెళ్లి గెంటివేయబడిన గొల్యాద్కిన్, నవంబరు రాత్రి మంచువానలో ఫొంతాంక కాలువ గట్టున తనలాంటి మనిషినే కలుసుకుంటాడు. ఆ రెండో మనిషి అతని కార్యాలయంలోనే చేరి, నవ్వుతూ, పొగుడుతూ, అందరి మెప్పూ పొంది, చివరకు అసలు మనిషి స్థానాన్ని ఆక్రమిస్తాడు. అసలు గొల్యాద్కిన్‌ను బండిలో ఎక్కించి పిచ్చాసుపత్రికి తరలించడంతో కథ ముగుస్తుంది.

ఈ కథను ఆనాటి హోదాల వ్యవస్థతో కలిపి చదివితే ఒక విషయం స్పష్టపడుతుంది. గొల్యాద్కిన్ ఉన్నది తొమ్మిదో శ్రేణి. కులీన హోదా ఇచ్చే ఎనిమిదో శ్రేణికి ఒక్క మెట్టు మాత్రమే దూరం. అతడు ఆశపడిన యువతిని గెలుచుకోబోతున్న యువకుడు, పై అధికారి బంధువు, ఆ ఎనిమిదో శ్రేణికి అప్పుడే చేరినవాడు. గొల్యాద్కిన్ కడుపుమంట అంతా అక్కడే ఉంది. సరిగ్గా ఈ రచన సాగుతున్న 1845లోనే నికొలాయ్ చక్రవర్తి శాసనం కులీన హోదా అర్హతను ఎనిమిదో శ్రేణి నుంచి ఐదో శ్రేణికి పెంచింది. దోస్తోయెవ్‌స్కీ తండ్రి ప్రవేశించిన తలుపు ఆ తరం గుమస్తాలకు మూసుకుపోయింది. ఆ శాసనమే ఈ కథకు ప్రేరణ అనడానికి ఆధారం లేదు. అయినా ఒక్క మెట్టు కోసం మనిషి తనను తానే రెండుగా చీల్చుకొనే కథ ఆ సంవత్సరంలో రావడం ఆనాటి చారిత్రక వాస్తవానికి దూరమైనది కాదు. ‘ప్రతిరూపం’ కేవలం మనోవ్యాధి కథ అన్న విమర్శకు ఇది ఒక సమాధానం.

బెలిన్‌స్కీతో విభేదం

బెలిన్‌స్కీ మొదట ‘ప్రతిరూపం’ విస్తృతిని విమర్శిస్తూనే మెచ్చుకున్నాడు. 1847 ఆరంభంలో ‘సొవ్రెమెన్నిక్’లో రాసిన వార్షిక సమీక్షలో మాత్రం దాని అద్భుత ధోరణిని తిరస్కరించాడు. ఉన్మాదం వైద్యులు చూడవలసిన విషయమని, కవులది కాదని ఆయన భావం. 1847లో వచ్చిన ‘ఇంటి యజమానురాలు’ను మరింత తీవ్రంగా ఖండించాడు. నెక్రాసవ్, తుర్గెనేవ్ కలిసి ఎగతాళి పద్యం అల్లారు. పొగడ్తకు పొంగిపోయి, ఎగతాళికి ముడుచుకుపోయే యువ రచయిత ఆ బృందానికి దూరమయ్యాడు. ప్రచురణకర్త క్రయెవ్‌స్కీ దగ్గర ముందస్తుగా తీసుకున్న డబ్బుకు ఒకదాని వెంట ఒకటి రాయవలసి వచ్చింది.

ఈ పతనానికి రచయిత స్వభావమే కారణమన్న వివరణ సులభమైనది, చాలనిది. అసలు భేదం సాహిత్య దృష్టికి సంబంధించినది. బెలిన్‌స్కీకి పేదవాడు సమాజం చేసిన అన్యాయానికి సాక్షి. దోస్తోయెవ్‌స్కీకి ఆ సాక్షి లోపల జరిగే విచారణ ముఖ్యం. ఈ తేడాను ఆ కాలంలోనే గుర్తించిన విమర్శకుడు వలేరియన్ మాయ్‌కొవ్. గొగోల్ ప్రధానంగా సామాజిక రచయిత అని, దోస్తోయెవ్‌స్కీ మనస్తత్వ రచయిత అని, రెండోవారికి సమాజం ఆసక్తికరమయ్యేది వ్యక్తి మీద దాని ప్రభావం వల్లనేనని ఆయన 1847లో ప్రతిపాదించాడు. ఆ వేసవిలోనే ఇరవై మూడేళ్ల వయసులో మాయ్‌కొవ్ నీట మునిగి మరణించాడు. దోస్తోయెవ్‌స్కీని అర్థం చేసుకోగల విమర్శ అలా అర్ధాంతరంగా ఆగిపోయింది.

1877లో దోస్తోయెవ్‌స్కీ తన తీర్పు తానే చెప్పుకున్నాడు. ‘ప్రతిరూపం’ రూపం విఫలమైందని ఒప్పుకుంటూనే, దాని కన్నా గంభీరమైన భావాన్ని తాను సాహిత్యంలోకి తేలేదన్నాడు. అప్పటికి ‘నేరము–శిక్ష’ వచ్చి పదేళ్లు దాటింది.

బెలిన్‌స్కీ లేఖ – శిక్ష

1847 నుంచి దోస్తోయెవ్‌స్కీ పెత్రషేవ్‌స్కీ ఇంట్లో శుక్రవారాల్లో జరిగే చర్చలకు వెళ్లసాగాడు. అక్కడ సెర్ఫుల విముక్తి, పత్రికా స్వేచ్ఛ, ఫ్రెంచి సోషలిస్టు భావాలు చర్చకు వచ్చేవి. 1848లో ఐరోపాలో విప్లవాలు చెలరేగడంతో ప్రభుత్వ నిఘా పెరిగింది. ఆ మే నెలలో బెలిన్‌స్కీ మరణించాడు. ఏడాది తరువాత, 1849 ఏప్రిల్ 15న, బెలిన్‌స్కీ గొగోల్‌కు రాసిన నిషిద్ధ లేఖను దోస్తోయెవ్‌స్కీ ఆ సమావేశంలో చదివి వినిపించాడు. సెర్ఫుల వ్యవస్థను సమర్థించిన గొగోల్‌ను బెలిన్‌స్కీ ఆ లేఖలో నిలదీశాడు. సభలో ఉన్న గూఢచారి వార్త చేరవేశాడు. ఏప్రిల్ 23 తెల్లవారుజామున దోస్తోయెవ్‌స్కీ అరెస్టయ్యాడు. అప్పటికి ‘నేతొచ్క నెజ్వానొవ’ నవల భాగాలుగా అచ్చవుతోంది. మే సంచికలోని భాగం రచయిత పేరు లేకుండా వెలువడింది. నవల అసంపూర్ణంగా మిగిలిపోయింది.

ఎనిమిది నెలలు పీటర్–పాల్ కోటలో ఉంచిన తరువాత, డిసెంబరు 22న సెమ్యోనొవ్‌స్కీ మైదానంలో ఖైదీలకు మరణశిక్ష చదివి వినిపించారు. మొదటి ముగ్గురిని స్తంభాలకు కట్టారు. దోస్తోయెవ్‌స్కీ తరువాతి వరుసలో ఉన్నాడు. తుపాకులు ఎక్కుపెట్టిన తరువాత క్షమాభిక్ష వార్త వచ్చింది. ఇదంతా ముందే నిర్ణయించిన నాటకం. నాలుగేళ్ల కఠిన కారాగారం, ఆ తరువాత సాధారణ సైనికునిగా సేవ ఆయన అసలు శిక్ష. రెండు రోజులకు సంకెళ్లతో సైబీరియా ప్రయాణం మొదలైంది.

శిక్షకు ప్రధాన కారణం ఒక లేఖను చదవడం. ఆ లేఖ రాసినవాడు తనను ఆకాశానికెత్తి, ఆ తరువాత తిరస్కరించిన విమర్శకుడు. అందుకున్నవాడు తనను ఎవరితో పోల్చారో ఆ రచయిత. తొలి దశలోని సాహిత్య వివాదం అంతా ఆ ఒక్క కాగితంలో ఉంది. సాహిత్య ప్రయోజనం విషయంలో బెలిన్‌స్కీతో విభేదించిన దోస్తోయెవ్‌స్కీ, సెర్ఫుల బానిసత్వం విషయంలో ఆయన గొంతును తన గొంతుగా చేసుకొని ప్రాణం మీదకు తెచ్చుకున్నాడు. మనసు లోపలికి చూసే సాహిత్యం సమాజం నుంచి పలాయనమన్న విమర్శకు ఆయన జీవితమే ఇక్కడ జవాబు చెప్పింది.

ముగింపు

పదేళ్ల తరువాత పీటర్స్‌బర్గ్ తిరిగివచ్చిన దోస్తోయెవ్‌స్కీ తొలి దశను కొట్టివేయలేదు. ‘అవమానితులు’ (1861) నవలలో కథకుడు ఒక యువ రచయిత; అతని మొదటి నవల ‘పేదజనం’నే తలపిస్తుంది. ‘ప్రతిరూపం’ను 1866లో సంస్కరించి మళ్లీ ప్రచురించాడు. ‘అజ్ఞాతవాసి రాతలు’ (1864) నాయకుడు ఒక అధికారిని వీధిలో ఢీకొట్టడానికి సమానుడిగా కనిపించాలని, అప్పు చేసి తన కోటుకు మంచి కాలరు కుట్టించుకుంటాడు. అతడు దేవుష్కిన్ టీకి, సైనిక శిబిరంలోని విద్యార్థి బూట్లకు వారసుడు. సైబీరియా ఈ మనిషిని సృష్టించలేదు. అతని మాటకు ఆగ్రహాన్ని, లోతును జోడించింది.

రష్యన్ సాహిత్యం మాస్కో ప్రచురణాలయాల అనువాదాల ద్వారా తెలుగు పాఠకులకు చేరువైంది. పేదల పక్షం వహించిన సాహిత్యంగా దానికి లభించిన గౌరవం సముచితమైనదే. అయితే ‘పేదజనం’ పాఠకునికి వేసే ప్రశ్న ఆ గౌరవంతో తీరదు. పేదవాని గురించి రాసిన పుస్తకాన్ని ఆ పేదవాడే చదివితే అతనికి ఏమనిపిస్తుందన్నది ఆ ప్రశ్న. దేవుష్కిన్ దానికి కోపంతో సమాధానమిచ్చాడు. జాలి మీద ఆధారపడిన ఏ సాహిత్యమైనా ఆ కోపానికి జవాబు చెప్పవలసి ఉంది. ఇరవై నాలుగేళ్ల వయసులో ఈ ప్రశ్న వేసిన రచయిత తొలి దశను అభ్యాస దశగా పరిగణించడం చారిత్రకంగా సరికాదు.